చరిత్రకెక్కిన చర్చి బడి

"కొండాపూర్ చర్చి బడి ఇకమీదట మామూలు బడి కాదు, ప్రపంచానికి మనం చూపించబోయే హెరిటేజ్" అని మంత్రిగారు మైకులో ప్రకటించగానే, ముందు వరసలో కూర్చున్న హెడ్మిస్ట్రెస్ సిస్టర్ లూర్దమ్మ చప్పట్లు కొట్టింది. ఆవిడ అడిగింది, వానకు కురుస్తున్న పైకప్పు బాగుచేయించమని. మంత్రిగారిది అంత చిన్న చూపు కాదు.

ఆ బడి మొదట తాటికమ్మల గుడిసె. తర్వాత క్వారీలో రాళ్లు కొట్టే చర్చి జనం, ఆదివారం పూజ అయ్యాక తలా ఒక రాయి మోసుకొచ్చి నాలుగు గదుల రాతి కట్టడం లేపారు. పిల్లల సంఖ్య పెరిగాక దాని ముందు రేకుల గదులు వేశారు. సిస్టర్ ఇదంతా చెబుతుంటే హెరిటేజ్ పనులకు వేసిన ప్రత్యేకాధికారి విశ్వేశ్వరరావుకు కళ్లు చెమర్చాయి.

"ఇంత హిస్టరీ పెట్టుకుని, లోపల పిల్లల్ని కూర్చోబెడుతున్నారా సిస్టర్? అన్యాయమండీ."

"ఇది బడి కదండీ."

"అది నిన్నటిదాకా."

మర్నాడే పిల్లలంతా రేకుల గదుల్లోకి మారారు. ఒకే గదిలో ఒక మూల ఎక్కాలు, ఇంకో మూల వేమన పద్యాలు. పైకప్పు బాగుచేస్తారు కదా అని సిస్టర్ సర్దుకుంది. చేయలేదు. కొత్త పెంకు వేస్తే పాతదనం చెడుతుందట.

హైటెక్ సిటీకి వచ్చే విదేశీ బృందం కారు దిగకుండానే చరిత్ర చూడాలన్నది మంత్రిగారి విజన్. స్వయంగా వచ్చి, రోడ్డు మీద కారు ఆపించి, అద్దం దించి చూశారు.

"ఏందయ్యా, నాకు హిస్టరీ కనిపిస్తలేదు."

"రేకుల గదులు అడ్డం సార్" అన్నాడు పక్కనే ఉన్న విశ్వేశ్వరరావు.

"మరి అడ్డం తీసెయ్."

సిస్టర్ గబగబా కారు దగ్గరికి వచ్చింది. "పిల్లలు ఎక్కడ కూర్చుంటారు సార్?"

మంత్రిగారికి ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. "గిట్ల అడిగేటోళ్లే కావాలె మనకు. జర నోట్ చేసుకో" అన్నారు. విశ్వేశ్వరరావు నోట్ చేసుకున్నాడు. మధ్యాహ్నానికి బుల్డోజర్ వచ్చింది. పిల్లలు బెంచీలు మోస్తుంటే సిస్టర్ నల్లబల్లకు ఒక కొస పట్టింది. మధ్యలో ఒకసారి దించి, మళ్లీ ఎత్తుకుంది. ఆ వారమంతా చదువు చర్చి మెట్ల మీదే సాగింది.

విదేశీ బృందం వచ్చింది. కారు దిగలేదు. రాతి గోడలను మెచ్చుకుని వెళ్లింది. 'చదువుల చరిత్రకు కాపలాదారు' అని మంత్రిగారి ఫోటో పేపర్లలో పడింది.

సోమవారం సిస్టర్ పిల్లల్ని వరసగా రాతి కట్టడం దగ్గరికి నడిపించుకొచ్చింది. వచ్చినవాళ్లు చూసి వెళ్లారు, కురిసినా గదులు గదులే కదా అనుకుంది. గేటుకు కొత్త తాళం. పక్కనే యూనిఫాంలో సెక్యూరిటీ నర్సయ్య.

"తలుపు తియ్యి నాయనా. బడి వేళయింది."

నర్సయ్య ఎంతో మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"స్కూలు పిల్లలకైతే లోపల చూసుడు ఫ్రీ సిస్టరమ్మా. కాకపోతే, ఏ స్కూలోళ్లు ఆ స్కూలు నుంచి లెటర్ తేవాలె."