గద్దకన్ను చూసిన లైనింగ్

సీరియల్లో రౌడీ కత్తి ఎత్తితే జనం కత్తి వైపు చూస్తారు. మన గడియారాల మెకానిక్ మాత్రం వాడి మణికట్టు వైపు చూస్తాడు.

"ఛీ! ఆ కాలంలో బ్యాటరీ గడియారమా?" అని సోఫాలోంచి ఎగిరి పడతాడు. చచ్చేవాడి మీద లేని జాలి గడియారం మీద.

తాతల కాలం నాటి రౌడీల కథ అది. మొదట్లో పెద్ద రౌడీ గొంతు సవరించుకుంటే చాలు, వీధి వీధంతా తలుపులేసుకునేది. ఇప్పుడేమో వారాల తరబడి వదినగారి ఒళ్లో తల పెట్టి ఏడుస్తున్నాడు.

ఈ దిగజారుడు చూడలేక మనవాడు ఫోన్లో 'గద్దకన్ను' అని దొంగపేరు పెట్టుకుని, సీరియల్‌ని ఉతికి ఆరేస్తున్నాడు. వేలమంది చప్పట్లు. ఇంట్లో మాత్రం పరమ రహస్యం. ఎందుకంటే ఆ సీరియల్‌కి బట్టలు కుట్టేది సాక్షాత్తూ ఆయన భార్యే.

ఆమె కుట్టే కోట్ల జోలికి పోలేదు లెండి, ఆమాత్రం తెలివి ఉంది. కిందటి వారం రౌడీ ప్యాంటుకి జిప్పు తళుక్కుమనేసరికి మాత్రం ఆగలేకపోయాడు. 'గుండీల కాలంలో జిప్పేమిట్రా నాయనా' అని ఏకిపారేశాడు. ప్యాంట్లు బజార్లో కొన్నవనుకున్నాడు, పాపం.

మర్నాడు సాయంత్రం భార్య వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుట్టుమిషన్ ముందు కూలబడింది.

"ఏమైంది?"

"ఎవడో గద్దకన్నట. వాడి కంట్లో కారం కొట్ట! నా జిప్పు చూసి జనం నవ్వుతున్నారని డైరెక్టర్ గారు మండిపడుతున్నారు. నన్ను ఉంచాలో పంపాలో రేపు తేలుస్తారట."

"ప్యాంట్లు కూడా... నువ్వేనా?"

"కాదు, మీ అమ్మగారు!"

ఆయన చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాడు. సీరియల్ చివర సన్నగా పడే తన పేరు చదువుకోవడానికి కళ్లజోడు మార్పించుకున్న మనిషి ఆమె.

"ఆ గద్దకన్ను ఎవడో మీకేమైనా తెలుసా?"

"నాకా? నేనసలు సీరియలే చూడను!" అన్నాడు, వారం వారం ఆమె పక్కనే కూర్చుని చూసే మహానుభావుడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

ఇక లాభం లేదని ఫోన్ చంకలో దాచుకుని బాత్రూంలో దూరాడు. చెమటలు కక్కుతూ రాశాడు: 'కథ చచ్చినా బట్టలు బతికే ఉన్నాయి. జిప్పు సంగతి వదిలేయండి, పెద్ద రౌడీ కోటు లోపలి లైనింగ్ చూశారా? నీలం చారల గుడ్డ! చేతి కుట్టు! అదీ పనితనమంటే!'

పెట్టీ పెట్టగానే తిట్లు. 'ఎంతకి అమ్ముడుపోయావ్ అన్నా?' ఫోన్ గుయ్యిమంటోంది.

"ఏవండీ, లోపల తేనెతుట్టె కదిపారా?" బయటి నుంచి భార్య.

"కడుపు... కడుపులో గడబిడ!"

మర్నాడు దుకాణంలో ఆయన విప్పిన గడియారం మళ్లీ ఒక్కటవలేదు. స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో దానికే తెలియాలి. ఆమె పని పోతే ఆ కుట్టుమిషన్ వంక ఏ మొహంతో చూస్తాడు?

సాయంత్రం ఆమె పెద్ద మూటతో వచ్చింది.

"ఉంచారు."

"హమ్మయ్య!" ఆయన ప్రాణం లేచొచ్చింది.

"గద్దకన్ను పొగిడాడని డైరెక్టర్ గారు ఒకటే మురిసిపోయారు. నాకే ఒక్క సందేహం మిగిలింది."

"ఏంటది?"

"పెద్ద రౌడీ తెర మీద ఇంతవరకూ ఆ కోటు ఒక్కసారైనా విప్పలేదు. గుండీ కూడా తీయలేదు. లోపల వేసింది మన చిరిగిన దుప్పటి ముక్క. అది చూసింది ఇద్దరమే. నేనూ, ఇంట్లో కాఫీ కప్పుతో తిరుగుతూ మీరూ."

తేలు కుట్టిన దొంగలా ఆయన ఫోన్‌ని సోఫా దిండు కిందకి తోశాడు.

"అయినా జిప్పు తప్పేనండీ, మీరు రాసింది నిజమే. అక్కడ ఒప్పేసుకున్నాను. జిప్పులన్నీ పీకి గుండీలు పెట్టిస్తానని మాటిచ్చాను. ఆ కాలం పద్ధతిలోనే, చేత్తో."

మూట విప్పింది. రౌడీల ముఠా మొత్తం ప్యాంట్లు సోఫా మీద కూలాయి. ఆయన చేతిలో సూది పెట్టింది.

"నేనా?"

"గడియారాల సన్నపని చేసే చేయి కదా. కన్నూ గద్దదే."

టీవీలో సీరియల్ మొదలైంది. పెద్ద రౌడీ వదినగారి కన్నీళ్లు తుడుస్తూ చేయెత్తాడు. మణికట్టు మీద గడియారంలో అంకెలు పచ్చగా వెలుగుతున్నాయి.

ఆయన చేయి ఫోన్ వైపు పాకింది.

"గుండీ!" అంది భార్య, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

చేయి సూది దగ్గరికి వచ్చేసింది.