పెళ్లయిన ప్రతి ఇంటికీ ఒక వయొలా!

మా ఆయనకి యూనివర్సిటీ సంగీత కళాశాలలో సీటు వచ్చిందన్న కబురు అందేసరికి నేను స్టూలెక్కి కొత్త కర్టెన్లు తగిలిస్తున్నాను. ఆయన ఫోన్ చూసి, ఒక్క కేక వేసి, నన్ను స్టూలు మీంచి అమాంతం ఎత్తేశారు. నేను పట్టుకున్న కర్టెన్, దాని రాడ్డు, కాస్త గోడ సున్నం కూడా మాతో వచ్చేశాయి. పెళ్లయి నెల తిరక్కుండానే ఇంత శుభవార్త!

అప్పటి నుంచీ ఆలోచించి, బాగా ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చాను. కొత్త దంపతుల్లో ఒకరు తప్పనిసరిగా వయొలా నేర్చుకోవాలని ప్రభుత్వం వెంటనే చట్టం తేవాలి!

నవ్వకండి. వయొలా అంటే ఏమిటని అడగండి. మా అత్తయ్యగారు కూడా అడిగారు. "వయొలిన్‌కి అన్నయ్యలాంటిదండీ. కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు" అని ఫోన్లో వివరించాను. ఆవిడ గొంతు తగ్గించి, "అయ్యో, వయొలిన్‌లో సీటు రాలేదా పాపం?" అన్నారు.

రాకపోవడం కాదు మహాప్రభో, అసలు అడగలేదు! ఆర్కెస్ట్రాలో వయొలిన్లు పైన హాయిగా పాట పాడుకుంటాయి. పెద్ద వాద్యాలు కింద గంభీరంగా గర్జిస్తాయి. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని, తను ఎవరికీ వినబడకుండా, ఇద్దరినీ కలిపి ఉంచేది వయొలా. సంసారానికి ఇంతకంటే మంచి ట్రైనింగ్ ఏ కాలేజీలో ఇస్తారు?

అసలు లాభం ఇంకోటుంది. వయొలా వాళ్లకి వాయించడం తక్కువ, ఆగడం ఎక్కువ. పక్కవాళ్లు వాయిస్తున్నంతసేపూ మనిషి లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. మా ఇంట్లో పక్కవాళ్లు లేరు కాబట్టి ఆ ఖాళీ అంతా నాదే! మా కాపురం మొత్తం అందులోనే నడుస్తోంది.

"తడి తువ్వాలు మళ్లీ మంచం మీదే పడేశారు!"

"ఒకటి, రెండు... సారీ బంగారం... మూడు, నాలుగు..."

"సారీ చెబితే పరుపు ఆరుతుందా? మొన్న కూడా ఇలాగే..."

అంతే, లెక్క పూర్తయి వయొలా మీదికి కమాను లేచింది. గొడవ ఆగింది. మళ్లీ ఖాళీ వచ్చేసరికి నేను దేనికి కోప్పడ్డానో నాకే గుర్తులేదు. ఏ ఫ్యామిలీ కౌన్సెలర్ ఇంత చేయగలడు చెప్పండి?

ఆఫీసులో కూడా లాభమే. ఫైళ్లు సర్దుతూ నాకు తెలియకుండానే, మా ఆయన వయొలా లాగే "జుమ్ జుమ్ జుమ్... జుమ్" అని కూనిరాగం తీస్తుంటాను. పక్క సీటావిడ "ఏం పాటండీ అది?" అంటుంది. "ఏదైనా పర్లేదండీ, పైన మీకు నచ్చిన పాట వేసుకోండి" అంటాను. ఇంత ఉదారమైన సంగీతం ఇంకెక్కడుంది?

ఇక కింది వాటాలో ఉండే ఇంటి ఓనర్‌గారు. ఆయన చీపురుకర్రతో సీలింగ్ మీద కొడుతుంటే, మా ఆయన దాన్ని బట్టి తాళం సరిచూసుకునేవారు. ఆదివారం ఓనర్‌గారే స్వయంగా పైకి వచ్చేశారు.

"అమ్మాయ్, ఇన్ని నెలల నుంచీ వింటున్నాను. మీ ఆయన పాట ఎప్పుడు మొదలెడతాడు?"

"అదే పాటండీ, బాబాయ్‌గారూ."

"అదా? మరి మిగతాది?"

"మిగతాది వయొలిన్ వాళ్ల దగ్గరుంటుందండీ."

"అయితే వాళ్లనన్నా పిలిపించు, ఇతన్నన్నా అక్కడికి పంపించు. ఇంకోసారి వినబడిందో, ఇల్లు వెతుక్కోండి!"

సరిగ్గా అప్పుడే ఇంకో శుభవార్త! శుక్రవారం పరీక్ష. అది పాసైతేనే సీటు నిలుస్తుంది. పరీక్షకిచ్చిన రచనలో, ఆశ్చర్యం, వయొలాకే పాట ఉంది! నిజం పాట! మొదలూ చివరా ఉన్న పాట!

మా ఆయన దాన్ని రోజూ సాధన చేస్తున్నారు. నేను రోజూ ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. అవును, చూస్తున్నాను. కమాను తీగలకి తగలకుండా గాల్లో ఆడుతుంది, వేళ్లు పరుగులు పెడతాయి, కనుబొమలు పైకీ కిందకీ పోతాయి. చప్పుడు మాత్రం ఉండదు. నెలల తరబడి జుమ్ జుమ్ విన్నదాన్ని, తీరా పాట వచ్చాక దాన్ని కనుబొమల్లో చదువుకుంటున్నాను.

కాలేజీలో ప్రాక్టీస్ గదుల్లేవా అంటారేమో. బోలెడు! నిన్న నేనే వెళ్లి అడిగాను. గదుల తాళాలు చూసే పెద్దాయన ఎంతో ఓపిగ్గా చెప్పారు. మొదట పియానో వాళ్లకి. పియానో ఇంటికి మోసుకుపోలేరు కదా. తర్వాత పాడేవాళ్లకి, వరండాలో గొంతు పట్టేస్తుంది. తర్వాత డ్రమ్ముల వాళ్లకి, అది ప్రజాక్షేమం. తర్వాత వయొలిన్లకి. మిగిలిన గది వయొలాలకి.

"మరి ఆ మిగిలిన గది ఇవ్వండి!"

"అందులో విరిగిన కుర్చీలు పెట్టామమ్మా."

"కుర్చీల్ని వరండాలో పెట్టచ్చు కదండీ?"

"భలేదానివే! వానొస్తే పాడైపోవూ?"

"అయితే మా ఆయన్ని ఎక్కడ వాయించమంటారు?"

"ఇంట్లో వాయించుకోమనమ్మా. మన డైరెక్టర్‌గారు ఎప్పుడూ అంటుంటారు, సంగీతం ఉన్న ఇల్లు స్వర్గమని."

ఎంత మంచి మాట! విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇంత స్వర్గాన్ని మేమిద్దరమే అనుభవించడం స్వార్థం కాదూ? పాపం, డైరెక్టర్‌గారి గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకో స్వరం లేదట!

అందుకే రేపు ఆఫీసుకి సెలవు పెట్టాను. మా ఆయన "వద్దులేవే, బాగోదు" అంటూనే కమాను తీగల మీద జారకుండా దానికి రోజిన్ రాసుకుంటున్నారు. పొద్దున్నే ఆయన వయొలా పట్టుకుంటారు, నేను స్టాండు మోస్తాను. డైరెక్టర్‌గారి తలుపుకి సరిగ్గా ఎదురుగా నిలబడి, మొదలు నుంచి చివరిదాకా, కమాను తీగలకి గట్టిగా ఆనించి, పాట మొత్తం వాయిస్తారు. పరీక్షకి సరిపడేదాకా మళ్లీ మళ్లీ వాయిస్తారు.

నేను మొదటిసారి వింటాను. డైరెక్టర్‌గారు వినక ఎక్కడికి పోతారు!