ఎలక ఎత్తుకెళ్లిన స్టీరింగు

బంగార్రాజుకి అనుమానం పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. బిలాస్‌పూర్ యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసే డ్యూటీ అతనిది. వచ్చిన ప్రతి గూడ్సు బండినీ ‘నీలో ఏదో లోపం ఉంది, మర్యాదగా ఒప్పుకుంటావా లేదా’ అన్నట్టు చూడటమే పని. ఆ చూపు డ్యూటీ దిగాక కూడా దిగేది కాదు. గ్యాస్ బండ వస్తే కొట్టి చూసేవాడు, పుచ్చకాయ కొంటే కొట్టి చూసేవాడు. పెళ్లిచూపుల్లో కుర్చీని కూడా కొట్టి చూశాకే కూర్చున్నాడని బావమరిది ఇప్పటికీ చెబుతుంటాడు.

యార్డులో అందరూ అతన్ని సుత్తి బంగార్రాజు అంటారు. చేతిలో సుత్తి ఉంటుంది కాబట్టి అని అతను అనుకుంటాడు. అసలు కారణం అతని మాటలు ఓసారి విన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు.

అతని భార్య కనకమహాలక్ష్మి గూడ్సు గార్డు కూతురు. బండి కదిలాక కూడా వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉండే వంశం. ఆవిడ ఎవరితోనూ వాదించదు. ‘అచ్ఛా’ అంటుంది, అంతే. అందులో మూడు రకాలు. సాగదీస్తే పచ్చ సిగ్నలు. పొట్టిగా అంటే పసుపు. అని, చీర చెంగు బొడ్లో దోపుకుంటే ఎరుపు, ఇక ఎక్కడి బండి అక్కడే ఆగాలి.

ఆలుమగల మధ్య ఉన్న తగాదా అల్లా హాల్లోని అద్దాల షోకేసు గురించే. అందులో ఏటికొప్పాక లక్క బొమ్మలున్నాయి, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి ఉంది, మామగారి విజిల్ ఉంది, బావమరిది రెండో తరగతిలో గోనెసంచి పరుగులో గెలుచుకున్న స్టీలు గిన్నె కూడా ఉంది. బంగార్రాజుది అంటూ ఒక్క వస్తువు లేదు.

“నాదీ ఏదో ఒకటి పెట్టొచ్చు కదేటే?” అన్నాడు ఓరోజు.

“ఏటి పెట్టమంటారు? సరిగమల దగ్గరే ఆగిపోయిన హార్మోనియమా? చేపల్లేని చేపల తొట్టా? మీరు మొదలెట్టింది ఏదైనా పూర్తయినాదా? పూర్తయింది ఒక్కటి తెండి, నా చేత్తో నేనే పెడతాను.”

ఆ మాట బంగార్రాజు గుండెలో ముల్లులా దిగింది. అప్పుడే కాలనీ క్లబ్బులో, అదే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, హాబీల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. ప్రదర్శనలో కప్పు కొట్టాలి, కప్పుతో సహా షోకేసులోకి ఎక్కాలి. రహస్యంగా కానిచ్చేయాలి, ఎందుకంటే ముందే చెబితే సగంలో ఆగిపోయినప్పుడు జీవితాంతం వినాలి.

అతనికి దొరికింది పాతకాలపు కారు కిట్టు. టాపు మడిచే కారు, బుల్లి నమూనా. ముక్కలన్నీ డబ్బాలో వస్తాయి, మనమే అతికించుకోవాలి. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని ఆఫీసర్ల బంగళాల ముందు నుంచి వెళ్తుంటే, ఒక గేటు లోపల అలాంటి కారు నిలబడి ఉండేది. ఎంత ఏడ్చినా తండ్రి ఆ గేటు దాటనివ్వలేదు. నెత్తిన జుట్టు పల్చబడినా ఆ కోరిక మాత్రం పల్చబడలేదు.

ఇంటికి తెప్పిస్తే ప్రమాదమని, ఊరవతల తిఫ్రాలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే స్నేహితుడు రాజేంద్ర దగ్గరికి తెప్పించుకున్నాడు. పనిముట్ల సంచీలో దాచి తెచ్చాడు. గుమ్మంలోనే దొరికాడు.

“సంచీలో ఏటది?”

“ఆఫీసు పని. సేఫ్టీ.”

డబ్బా మీది బొమ్మ చూసింది. “రైల్వే వాళ్లకి కారుతో ఏటి సేఫ్టీ?”

“లెవెల్ క్రాసింగు దగ్గర అడ్డం వచ్చేవి కార్లే కదేటి?”

“అచ్ఛా.” పసుపు.

వెనక వరండాలో బల్ల వేసుకుని, పని లేనప్పుడు గుడ్డ కప్పేస్తూ కట్టాడు. కట్టాక దూరంగా నిలబడి చూస్తే, చక్రాలున్న సబ్బుపెట్టెలా కనిపించింది. వ్యాగన్లలో లోపాలు వెతికిన కళ్లు ఊరుకుంటాయా? ముందరి జాలీ బాగోలేదు, దీపాలు గుడ్డివి, టాపు తవుడు బస్తాలా ఉంది. దీన్ని బాగుచేయాలి అనుకున్నాడు. ఆ క్షణాన శని నెత్తికెక్కింది.

షెడ్డులో ఒక న్యాయం ఉంది. స్టోర్సులో సామాను లేకపోతే, ఊరికే నిలబడి ఉన్న బండి నుంచి ఊడదీసి, వెళ్లాల్సిన బండికి తగిలిస్తారు. బంగార్రాజు ఆ న్యాయాన్ని ఇంట్లోకి తెచ్చాడు. ఆ కళ్లతో చూస్తే కొంపలో ఊరికే నిలబడి ఉన్న సామాను బోలెడు.

మొదట టీ వడపోసే జాలీ. మేకుకి ఊరికే వేలాడుతోంది. మధ్యలోంచి చిన్న ముక్క కత్తిరించి కారు ముందు భాగానికి తగిలించి, మిగతాది మేకుకే తగిలించాడు. కారు మొహం వెలిగిపోయింది.

మర్నాడు టీలో ఆకు తేలింది. మామూలుగా నలుసు కనిపించినా కప్పు వెనక్కి పంపేసే మనిషి, ఆ రోజు ఆకుతో సహా నమిలి మింగాడు. దొరికిపోయింది అక్కడే. ఆ సంగతి అతనికి తెలియదు.

“టీ ఎలాగున్నాదండీ?”

“అమృతం.”

“నమిలీస్తన్నారేటి?”

“అమృతం చిక్కగా ఉంది.”

“జాలీకి కన్నం పడ్డాది, చూసారా?”

“ఎలకై ఉంటుంది.”

“స్టీలు జాలీని కొరికీసిందా? అదీ నలుచదరంగా?”

“రైల్వే కాలనీ ఎలకలే. యార్డులో ఇనుము తిని పెరిగినవి.”

“అచ్ఛా” అంది, ఇంకాస్త పొట్టిగా.

తర్వాత ఆమె చేతిసంచీకి కుట్టిన అద్దాల్లో రెండు ఊడి, కారుకి హెడ్‌లైట్లయ్యాయి.

“అద్దాలతో ఎలక్కి ఏటి పనండీ?”

“ఆడ ఎలకై ఉంటుంది.”

ఆ తర్వాత గొడుగు. మడత టాపుకి నల్లగుడ్డ కావలసి వచ్చింది. మూల చక్కగా మడిచి పెట్టిన గొడుగు నుంచి జానెడు కత్తిరించాడు. ఆ సాయంత్రమే బుధవారీ బజార్లో వాన పడింది. కనకమహాలక్ష్మి ఇంటికొచ్చేసరికి చీర పొడిగా ఉంది, నడినెత్తి మాత్రం తడిసి ముద్దయింది.

“గొడుక్కి కిటికీ పెట్టీసిందండీ మీ ఎలక” అంది తల తుడుచుకుంటూ.

‘మీ ఎలక’ అన్న మాట దగ్గర బంగార్రాజు ఆగిపోయాడు. మన ఎలక అనొచ్చు, ఆ ఎలక అనొచ్చు. మీ ఎలక అనడమేమిటి? ఆమె మొహం చూశాడు. అందులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అతన్ని భయపెట్టింది.

మర్నాడు కారులో స్టీరింగు లేదు.

బల్ల కింద వెతికాడు. చెప్పుల్లో వెతికాడు. ఎక్కడో జారిపోయి ఉంటుందని సర్దిచెప్పుకునేలోపే డ్రైవరు సీటు మాయమైంది. ఆ వెనకే ముందు చక్రం ఒకటి పోయింది. బంగార్రాజు అనుమానం పక్కింటి మీదికి పోయింది. పక్క క్వార్టరు దిలీప్ స్క్రూడ్రైవర్ అడగడానికి వచ్చి వెళ్లాడు కదా అనుకుని, స్క్రూడ్రైవర్ వంకతో వాళ్లింటికి వెళ్లి సోఫా కిందికి తొంగి చూశాడు. “కుఛ్ గిర్ గయా క్యా, భైయా?” అని, ఏదో పడిపోయిందనుకుని దిలీప్ కూడా తొంగి చూశాడు. ఇద్దరికీ పాత చెప్పు దొరికింది.

పోనీ పెళ్లాన్ని అడుగుదామా అంటే, అడిగితే కారు చూపించాలి, కారు చూపిస్తే జాలీ కనిపిస్తుంది. దొంగకి తేలు కుట్టినట్టయింది అతని పని.

“ఇల్లు ఊడ్చినప్పుడు గుండ్రంగా ఏమైనా కనిపించిందేటే?” అని అడిగాడు చివరికి, పేపరు చదువుతున్నట్టు.

“ఎంత గుండ్రం?”

“చిన్నది. నల్లది.”

“మిరియమా?”

“కాస్త పెద్దది. మధ్యలో కడ్డీలుంటాయి.”

“ఆఫీసు సామానేటి? మీ ఆఫీసరుగారికి ఫోన్ చేసీమంటారా, సేఫ్టీ పోనాదని?”

“వద్దు వద్దు. మిరియమే.”

ఇక మిగిలింది ఎలకే. ఆ ఎలకని పుట్టించింది తనే అని బంగార్రాజుకి తెలుసు. కానీ ఇల్లూ పక్కిల్లూ వెతికాక, తను పుట్టించిన ఎలక మీద తనకే అనుమానం వచ్చింది. ఏమో, అబద్ధం విని నిజంగానే వచ్చిందేమో. గోడలన్నీ కొట్టి చూశాడు. ఎలకల జిగురు అట్ట కొనుక్కొచ్చి బల్ల ముందు పెట్టి డ్యూటీకి వెళ్లాడు. తెల్లారి డ్యూటీ దిగి, కారు చూసుకోవాలన్న ఆత్రంలో, ఒట్టి కాలితో తిన్నగా దాని మీదే అడుగేశాడు. ఊడదీయబోతే చెయ్యి కూడా అంటుకుంది. కేకకి దిలీప్ గోడ దూకి వచ్చాడు.

కనకమహాలక్ష్మి నూనె గిన్నెతో తాపీగా వచ్చింది.

“ఎలక దొరికిందేటండీ?”

ప్రదర్శన రోజు ఆదివారం. కాలనీలో బొమ్మకార్లు కట్టేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి, బంగార్రాజు కారుని ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ బల్ల మీద పెట్టించారు. పనికిరాని సామానుతో చేసినవన్నీ అక్కడే. చక్రం లేని వైపు అగ్గిపెట్టె ఆనించాడు. ఎవరడిగినా “రిపేరులో ఉన్న బండి సీను” అని చెబుతున్నాడు. స్టీరింగేదని అడిగితే “రిపేరులో తీసేస్తారు” అంటున్నాడు.

బహుమతులు నిర్ణయించడానికి జ్యోతిర్మయి అని కొత్తగా వచ్చిన ఆఫీసరు వచ్చింది. పేరు చూసి బెంగాలీ అని కాలనీ ఏనాడో తేల్చేసింది. హిందీ తప్ప ఆమె నోట ఎవరూ ఇంకో మాట వినలేదు.

ఆమె కారు ముందు ఆగింది. వంగి చూసింది. “వాహ్” అంది. ఈ జాలీ, ఈ దీపాలు, ఈ టాపు కిట్టులోవేనా అని హిందీలో అడిగింది. బంగార్రాజు రొమ్ము విరుచుకుని, “నహీ మేడమ్, సబ్ ఘర్ కా వేస్ట్” అన్నాడు.

“అచ్ఛా?”

అన్నది మేడమ్ కాదు. వెనక కనకమహాలక్ష్మి నిలబడి ఉంది. చీర చెంగు బొడ్లో ఉంది.

మేడమ్ ఆమె వైపు తిరిగి, ఇవన్నీ మీ ఇంటివేనా, పనికిరానివేనా అని హిందీలోనే అడిగింది. ఇక కప్పు, షోకేసు, బంగార్రాజు పరువు అన్నీ ఆ ఒక్క జవాబు మీద వేలాడాయి. అతను మేడమ్ కేసి నవ్వుతూనే తెలుగులో బేరం మొదలుపెట్టాడు.

“వేస్టని చెప్పవే తల్లీ, నీకు దండం పెడతాను.”

“కొత్త గొడుగు. నడినెత్తిన వాన పడ్డాది. అది వేస్టా?” కనకమహాలక్ష్మి కూడా నవ్వుతూనే ఉంది.

“కొత్తది కొంటాను.”

“జాలీ?”

“కొంటాను.”

“సంచీ?”

“కొంటానే! నవ్వు ఆపకు, మేడమ్ చూస్తోంది.”

“మరి ఎలక ఎవరు?”

“ఇప్పుడెందుకే అదంతా?”

“చెప్తారా, హిందీలో నన్ను చెప్పమంటారా?”

“నేనే.”

“వినబళ్లేదు.”

“నేనే! నేనే ఎలకని!”

మేడమ్ తల వంచి అగ్గిపెట్టె కేసి చూసింది. “ఎలక సంగతి తేలిపోనాది. మరి చక్రం ఎవలు పట్టుకెళ్లిపోనారేటి?” అంది. “మాది పలాస లెండి.”

హాల్లో ఉన్న తెలుగువాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. బంగార్రాజు నేల చూశాడు. కనకమహాలక్ష్మి మాత్రం ఎర్రబడ్డ మొహంతోనే పర్సు జిప్పు లాగి, చిల్లర అరలోంచి స్టీరింగు, సీటు, చక్రం తీసి బల్ల మీద పెట్టింది.

“దొంగతనం కాదు మేడమ్, జప్తు. జాలీకి స్టీరింగు, అద్దాలకి సీటు, గొడుక్కి చక్రం.”

“నువ్వా!” అన్నాడు బంగార్రాజు. “మరి నన్ను జిగురు అట్ట మీద...”

“అట్ట నేను పెట్టలేదు కదండీ.”

మేడమ్ కాసేపు నవ్వి, తర్వాత తల అడ్డంగా ఊపింది. కొత్త గొడుగు వేస్టు ఎలా అవుతుంది? ఈ బల్ల మీద దీనికి చోటు లేదంది. బంగార్రాజు అగ్గిపెట్టె మీద ఒరిగి ఉన్న కారుని రెండు చేతులా ఎత్తుకోబోయాడు. హార్మోనియం, చేపల తొట్టి, ఇప్పుడిది.  నిజంగా ఏడుపొచ్చింది.

కనకమహాలక్ష్మి అతని మొహం చూసింది. అతని చేతిలోంచి కారు లాక్కుని, సీటు పెట్టి, స్టీరింగు దూర్చి, చక్రం తొడిగి, బల్ల మీద నిలబెట్టింది. కారు నాలుగు చక్రాల మీద నిలబడింది.

“మేడమ్, హస్తకళల బల్ల మీద పెట్టొచ్చా?”

“అది ఆడవాళ్లకేనమ్మా.”

“మరి నేనెవర్ని? నా పేరు రాసుకోండి. జాలీ నాది, అద్దాలు నావి, గొడుగు నాది. ఆయనది ఏటున్నాది ఇందులో? జిగురు.”

“మీకేమైనా అభ్యంతరమా?” అని మేడమ్ అడిగింది బంగార్రాజుని.

ఉందంటే కారు సంచీలోకి వెళ్తుంది. లేదంటే షోకేసులోకి వెళ్తుంది, కానీ వేరే పేరుతో. బంగార్రాజు కారు కేసి చూశాడు. మొదటిసారి పూర్తిగా ఉంది.

“లేదు మేడమ్” అన్నాడు.

మహిళల హస్తకళల్లో మొదటి బహుమతి కనకమహాలక్ష్మికి వచ్చింది. అన్న మాట ప్రకారం ఆవిడ తన చేత్తోనే కారుని షోకేసు నడిమి అరలో పెట్టింది, పక్కనే కప్పు, కప్పు మీద ఆవిడ పేరు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తుంది. మొన్న దిలీప్ భార్య అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ, ఇదంతా మీరొక్కరే చేశారా దీదీ అని హిందీలో అడిగింది.

“మా ఆయన కూడా కొంచెం సాయం చేసారు” అంది కనకమహాలక్ష్మి అదే హిందీలో.

అలాగా, ఏం సాయం చేశారని ఆవిడ బంగార్రాజు వైపు తిరిగింది. అతను భార్య కేసి చూశాడు. ఆమె కూడా ఏం చెబుతాడా అని చూస్తోంది.

“సామాను అందించాను” అన్నాడు బంగార్రాజు.