పైడమ్మ పిక్కలు

నాకు అక్షరాలు మా ఆయన పోయాక వచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకోండి, నా చెయ్యి నెమ్మది.

మా పట్నంలో షుగరున్న పెద్దవాళ్ల కాళ్ల కండ, తిండీ పనీ లేకపోతే, వేరేవాళ్ల కాళ్లకు వెళ్లిపోతుంది. పైడమ్మ పిక్కలు ఎదురింటి తోడికోడలు అప్పలనరసమ్మకు వెళ్లాయి. ఎవరికీ వింతనిపించలేదు.

పైడమ్మ షుగరుకు భయపడి గుడ్డు, చేప, చివరికి పప్పు కూడా మానేసి రాగిజావ మీదే ఉంది. కోడలు ఆమెను చీపురు ముట్టనివ్వలేదు. చీరకు కుచ్చిళ్లు పెరిగేకొద్దీ వీధంతా మెచ్చుకుంది. "ఏటప్పా, నాజూగ్గా అయిపోనావు! సుగరు దిగిపోయినట్టే" అనేవారు. పైడమ్మ మురిసిపోయేది. నరసమ్మకూ షుగరే. ఆవిడ మాత్రం చేపల పులుసు తిని బిందెలు మోసేది.

ఒక ఉదయం పైడమ్మ పీట మీంచి లేవలేకపోయింది. ఎదురుగా నరసమ్మ చీర ఎగ్గట్టి వాకిలి కడుగుతోంది. ఆమె ఎడమ పిక్క మీద పైడమ్మ పుట్టుమచ్చ ఉంది. తన దగ్గరున్నప్పుడు ఆ పిక్క అంత నున్నగా లేదు. పైడమ్మకు కడుపు మండింది.

"నా పిక్కలు ఇచ్చీయే, దొంగమొహందానా!"

"నీను రమ్మన్నానేటప్పా? ఆకలేసి వచ్చీసినాయి."

అమ్మవారి పండక్కి వాళ్ల ఇంటి ఘటం పెద్దకోడలు పైడమ్మే ఎత్తాలి. పండగ దగ్గరపడింది. ఇద్దరూ ఒకే ఆటోలో కండల ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా మచ్చ చూసి, పిక్కలు పైడమ్మవేనని ఒప్పుకున్నాడు.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లెగండమ్మా. లెగిస్తే తిరిగొచ్చీస్తాయి."

పైడమ్మ లేవలేకపోయింది. ఘటం కూడా కాళ్లతోపాటే వెళ్తుందని చెప్పి, అతను తరవాతివాళ్లను పిలిచాడు.

పండగనాడు నరసమ్మ ఘటం నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చింది. ఘటం మోసేవాళ్ల కాళ్ల మీద ప్రతి ఇంటివాళ్లూ పసుపునీళ్లు పోయడం ఆనవాయితీ. పైడమ్మకు గుమ్మంలో కుర్చీ వేశారు. ఆమె వంగి చెంబుతో నీళ్లు పోసింది. మచ్చ దగ్గర కాస్త ఎక్కువ పోసింది. పిక్కలు ఆమెను గుర్తుపట్టలేదు.

"మెల్లగా నడవే. ఎడం కాలు రాళ్ల మీద తూలతాది."

"నాకాడ తూలట్లేదప్పా."

డప్పులు ముందుకు సాగాయి. వెనక వస్తున్న ఆడవాళ్లు పైడమ్మ దగ్గర ఆగి, "ఎంత నాజూగ్గా ఉన్నావప్పా!" అన్నారు. పైడమ్మ నవ్వి కుచ్చిళ్లు సర్దుకుంది. కోడలు జావ తెచ్చి ఇచ్చింది. తాగింది.

— బోని సింహాద్రమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది చినవీధిలో, మెట్లు లేని కింది వాటాలో.