సున్నానికి అర్హత

పశువుకు ఏం తక్కువైందో పశువుకు తెలియదు, మేపేవాడికి అసలే తెలియదు, ఆఫీసులో నింపే ఫారానికి మాత్రమే తెలుసు. అమెరికాలో నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో ప్రభుత్వ బీడు కౌలుకు పట్టిన ప్రతివాడూ ఒప్పుకుని తీరవలసిన సత్యమిది.

వెర్లిన్ కుబిక్ అక్కడ డెబ్బై మూడు కోడెల్ని మేపుతున్నాడు. వానల్లేక గడ్డి చాలక, కార్లకు పోసే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ నుంచి మొక్కజొన్న పిప్పి తెచ్చి పెడుతున్నాడు. పిప్పిలో భాస్వరం దండిగా ఉంటుంది, సున్నం ఉండదు. బీడు ఆఫీసువారు తొట్లలో పోసే ఖనిజపు పొడిలోనూ భాస్వరమే. (ఈ గడ్డికి భాస్వరం తక్కువని అరవై ఏళ్ల కిందట ఒక పెద్దమనిషి కనిపెట్టాడు. ఆయన పోయాడు, పొడి పోలేదు.) రెండూ కలిస్తే కోడె మూత్రనాళంలో రాయి కడుతుంది. మంగళవారం ఒకటి నీటితొట్టి దగ్గర తోకెత్తి, ముక్కీ ముక్కీ, పొట్ట ఉబ్బి చచ్చింది.

భాస్వరానికి విరుగుడుగా మేతలో సున్నపురాయి పొడి కలుపుకుంటానని వెర్లిన్ ఆఫీసుకెళ్లాడు. అనుమతి లేకుండా బీడులో చిటికెడు చల్లినా కౌలు రద్దు.

ఖనిజ సమతుల్య ఉపాధికారిణి షార్లిన్ ఫారం తీసింది. "మేత ఏమిటండీ? గడ్డా, గింజా?"

"పిప్పి."

"ఆ గడి లేదండీ."

"గింజలో సారం కార్లు తాగాయి. మిగిలింది నా కోడెలు తింటున్నాయి."

"అంటే గింజ కాదు. గడ్డీ కాదు." ఆమె 'మేత: లేదు' అని రాసింది. "సున్నం లోపానికి రుజువేది?"

"ఒకటి చచ్చింది."

"డాక్టరు కోసి చూసి రాసివ్వాలి. ప్రతిదానికీ విడివిడిగా."

గురువారం తనిఖీదారు దిగాడు, వెర్లిన్ పశువుల్ని పస్తులు పెడుతున్నాడన్న కేసు మీద. కోడెలు నున్నగా ఉన్నాయి. మేత లేకుండా ఇంత ఒళ్లు చేశాయంటే అది తమ పొడి మహిమేనని రాసుకుని, మోతాదు రెట్టింపు చేయించి వెళ్లాడు.

"సున్నం అడగబోయి పస్తుల కేసు తెచ్చుకున్నావు," అంది భార్య ఆర్డిస్. "ఇంకోసారి వెళ్లకయ్యా. నాకూ మోతాదు రాస్తారు."

ఆ వారాంతానికి ఇంకో రెండు పోయాయి. వెర్లిన్ మూడింటినీ కోయించి, మూడు కాగితాలూ తీసుకెళ్లి షార్లిన్ బల్ల మీద పెట్టాడు.

మూడో వారం అనుమతి వచ్చింది, చెవిబిళ్ల నంబర్లతో సహా. పద్నాలుగు, ముప్పై ఒకటి, యాభై రెండు: లోపం రుజువైన ఈ మూడు కోడెలకు రోజుకో గుప్పెడు సున్నపు పొడి, జీవితాంతం.

మిగతా డెబ్బై ఇంకా అర్హత సంపాదించుకోలేదు.