మామయ్య కండ్లు తెరిచిన ఫోటో

నా కెమెరా మీద మీరంతా చాటుగా నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ సగం సగం విని నవ్వితేనే నాకు మండుతుంది. మన గట్టయ్య చెప్పే కథలో షామియానా తగలబడిపోయిందట. శుద్ధ అబద్ధం. కూలింది, అంతే. అందుకే మొదటి నుంచీ నేనే చెప్తాను. చాయ్ తాగుతూ వినండి.

సకలజనుల సమ్మె అయిపోయిన తర్వాతి ఏడాది సంగతి. నాకు పిల్లనిచ్చిన మామయ్య యిర్మియా సర్దార్ రిటైరయ్యే నెల వచ్చింది. బొగ్గు బాయిలో మనుషుల భద్రత చూసే సర్దార్ పని ఆయనది. అక్కడ ఎవరూ యిర్మియా అనేవాళ్ళు కాదు, రూల్స్ సర్దార్ అనేవాళ్ళు. పైన బొగ్గు కప్పును కర్రతో తట్టి చూడనిదే ఎవర్నీ అడుగు ముందుకు వేయనిచ్చేవారు కాదు. మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఒకసారి తలెత్తి స్లాబు చూసుకొని గానీ ముద్ద ఎత్తరు.

అంతటి మనిషికి ఒక్కటే లోపం. ఫోటోలో కండ్లు తెరవరు. బాయి లోపల ఎదుటివాడి టోపీ దీపం మొహం మీద పడితే కండ్లు దించుకోవడం మనందరికీ అలవాటే. మనకు అలవాటు, ఆయనకు రక్తంలో కలిసిపోయింది. ఫ్లాష్ వెలిగే లోపలే రెప్పలు వాలిపోతాయి. గుర్తింపు కార్డులో నిద్రపోతుంటారు. రేషన్ కార్డులోనూ నిద్రే. మా పెండ్లి ఆల్బంలో ప్రతి ఫోటోలో కండ్లు మూసుకొని ఉంటే, చూసినవాళ్ళంతా ఎంత ప్రార్థనాపరుడో అని మెచ్చుకున్నారు.

మా అత్తమ్మ యేసమ్మకు ఇదే బెంగ.

"మా పెండ్లి ఫోటోల సుత కండ్లు మూసిండు బిడ్డా. ఇష్టం లేక చేసుకున్నడని ఊరంత అన్నరు" అంది నాతో. "ఇగ క్వార్టర్ ఖాళీ చేసి కమాన్‌పూర్ల కొత్తింటికి పోతం. గా ఇంట్ల మేమిద్దరం కలిసున్న ఫోటో ఒక్కటి పెట్టుకోవాలె. కండ్లు తెరిచి నా పక్కన కూసున్న మనిషిని సూసుకోవాలె. గంతే."

చెప్తూ చెప్తూ కొంగు కండ్లకు అద్దుకుంది. నవ్వొచ్చే విషయమే గానీ, ఆమె ఏడుపు చూసి నా మనసు పాడైపోయింది. రిటైర్మెంట్ ఫంక్షన్ రోజు ఆ ఫోటో నేనే తీస్తానని అక్కడికక్కడే మాటిచ్చాను.

మాటిచ్చింది ప్రేమతోనే. కాకపోతే ఆ ప్రేమలో నా స్వార్థం కూడా కొంచెం కలిసింది. నాకొక బ్రిడ్జ్ కెమెరా ఉంది కదా. అది చిన్న కెమెరా కాదు, పెద్ద కెమెరా కాదు, నడిమి రకం. దాని లెన్సు ఊడదు. ఊడదు కాబట్టి దాని ముందు వేరే లెన్సులు బిగించుకోవాలి. కొమురెల్లి స్టూడియో అద్దాల బీరువాలో ఆ లెన్సులు చూసినప్పటి నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు మాట కదిపాను. కెరోలిన్ బడిలో లెక్కల టీచర్. ఇంట్లో కూడా అంతే.

"కెరోలిన్, ఫంక్షన్‌కు షిఫ్టు షిఫ్టంత వస్తది. అందరు ఫోటోల పట్టాలంటె వైడ్ లెన్సు కావాలె."

"పట్టకపోతె నాలుగడుగులు ఎనుకకు జరుగు."

"ఎనుక గోడ ఉంటది గదా!"

"గోడ లేని కాడ తియ్యి."

"మరి దూరమున్నోళ్లు దగ్గర కనవడాలంటె టెలీ లెన్సు..."

"దగ్గరికి పోయి తియ్యి. దేవుడు కాళ్లెందుకిచ్చిండు?"

దేవుణ్ణి మధ్యలోకి తెచ్చింది కాబట్టి ఆ పూటకు తగ్గాను. కానీ పట్టు విడవలేదు. పొద్దున చాయ్‌తో వైడ్ లెన్సు, రాత్రి అన్నంతో ఫ్లాష్. వారం తిరగకముందే ఆమె చీపురు పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"సరే, కొనుక్కో. వద్దనను. కానీ మా బాపు కండ్లు తెరిచిన ఫోటో రావాలె. రాకపోతె కెమెరా నాది. సంచితోని సహా."

"రాకపోతె గదా!" అన్నాను మీసం మీద చెయ్యి వేసి. నేను షాట్‌ఫైరర్‌ని. బొగ్గులో మందు కూరి, అందర్నీ పక్కకు పంపి, మీట నొక్కడమే నా ఉద్యోగం. మీట నొక్కే పనిలో నన్ను మించినవాడు ఈ గోదావరిఖనిలో ఎవడున్నాడు?

కొమురెల్లి దుకాణంలో అసలు పాఠం మొదలైంది. వైడ్ లెన్సు నా కెమెరాకు నేరుగా బిగదట. ముందు ఒక గొట్టం బిగించాలట. గొట్టం బిగిస్తే కెమెరాలో ఉన్న ఫ్లాష్‌కు అడ్డమొచ్చి ఫోటో కింది భాగంలో నల్లటి గుండ్రని నీడ పడుతుందట. నీడ పోవాలంటే విడిగా ఫ్లాష్ కావాలి. ఆ ఫ్లాష్ పెట్టుకునే చోటు నా కెమెరా నెత్తిన లేదు. కాబట్టి దూరంగా నిలబడి, ఇంకో ఫ్లాష్ మెరుపు చూడగానే తనంతట తాను మెరిసే రకం కావాలి. ఒక పక్కే పెడితే రెండో పక్క నీడ. కాబట్టి రెండు. వెలుగు మెత్తగా పడాలంటే ఆ రెంటికీ రెండు తెల్ల టోపీలు.

"ఇగ అయిపోయినట్టేనా కొమురెల్లన్నా?"

"స్టాండు లేకుండ ఎట్ల తమ్మీ?" అన్నాడు జాలిగా.

సంచి మోసుకొని ఇంటికొస్తే కెరోలిన్ వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఒక లెన్సు అంటివి గదా?"

"ఇదే లెన్సు. మిగిలినయన్ని దాని చుట్టాలు."

"చుట్టాలందరు మనింట్లనే ఉంటరా, పోతరా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే రిహార్సల్ పెట్టాను. వైడ్ లెన్సుకు ఒక గుణముంది, దగ్గర్నుంచి తీస్తే అంచున ఉన్నవాళ్ళను అడ్డంగా సాగదీస్తుంది. అంచున మా అత్తమ్మ కూర్చుంది. ఫోటో చూసి ఆమె కొంగు లాగి నడుం చుట్టూ కప్పుకుంది.

"అల్లుడా, నేను గింత లావున్ననా?"

"లేదత్తమ్మా, అది లెన్సు."

"మరి మీ మామ సన్నగనే ఉన్నడు గదా?"

ఆమెను మధ్యలోకి జరిపి మామయ్య కండ్ల మీద పడ్డాను. తెల్ల టోపీ పెట్టి కొట్టాను, మూశారు. చెప్పకుండా కొట్టాను, మూశారు. కొమురెల్లి చెప్పినట్టు ఫ్లాష్‌ను స్లాబు వైపు తిప్పి కొట్టాను. ఈసారి కండ్లు తెరిచే ఉన్నాయి గానీ తల పైకెత్తి స్లాబును చూస్తున్నారు.

"ఏం ఫికర్ లేదు అల్లుడా, కప్పు మంచిగనే ఉన్నది" అని నాకు ధైర్యం చెప్పారు.

ఆఖరికి ఆయనకే విసుగొచ్చింది. "నువ్వు ఇశారా ఇయ్యకుండ మెరిపిస్తున్నవ్ రిచర్డూ. బాయిల ఇశారా లేకుండ ఏమన్న చేస్తమా? ముందుగాల గట్టిగ చెప్పు. గప్పుడు నేను కండ్లు పెద్దగ తెరిచి పెట్టుకుంట."

ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. సరే, ఫంక్షన్‌లో గట్టిగా చెప్పి మరీ కొడదాం అనుకున్నాను.

ఫంక్షన్ రోజు క్వార్టర్ ముందు షామియానా వేయించాం. సాయంకాలం ఎండ పడమటి నుంచి ఏటవాలుగా పడుతోంది. షిఫ్టు వాళ్ళంతా వచ్చారు. గట్టయ్య అందరికంటే ముందొచ్చి కూర గంజు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పాస్టరయ్య ప్రార్థన చేశారు. మామయ్యకు శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. అత్తమ్మ జరీ చీరలో ఆయన పక్కన సోఫాలో కూర్చొని నా వైపే చూస్తోంది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో చెప్పలేను. 

స్టాండు పెట్టాను. గొట్టం బిగించాను, లెన్సు బిగించాను. చెరో పక్క కుర్చీల మీద తెల్ల టోపీల ఫ్లాష్‌లు నిలబెట్టాను. షిఫ్టు మొత్తాన్ని సోఫా వెనకా పక్కలా వరసల్లో సర్దాను.

"అల్లుడు లేకుండ ఫోటో ఏంది? నువ్వు గూడ రావాలె" అన్నారు మామయ్య.

అందుకూ ఏర్పాటుంది. మీట నొక్కితే కెమెరా కాసేపు ఆగి దానంతట అదే ఫోటో తీసుకుంటుంది. ఈలోపు నేను పోయి సోఫా పక్కన నిలబడాలి. నొక్కాను. కెమెరా ముందు ఎర్ర దీపం మినుకుమినుకుమంది. ఇప్పుడు ఇశారా ఇవ్వాలి, గట్టిగా ఇవ్వాలి. ఊపిరి నిండా పీల్చుకున్నాను. కండ్లు తెరవండి అందామనే నోరు తెరిచాను.

"ఫై...ర్!"

ఇన్నేళ్ళుగా మీట ముందు ఈ నోరు ఇంకో మాట అనలేదు. అది వస్తే నేనేం చెయ్యను?

వరసలన్నీ ఒక్క క్షణంలో మాయమయ్యాయి. సగం మంది క్వార్టర్ గోడ మలుపు తిరిగారు. సగం మంది బల్లల కింద దూరారు. పాస్టరయ్య కూడా దూరారు, ఆయన తండ్రి బాయి పని చేసినవాడే. మామయ్య అత్తమ్మను రెక్క పట్టుకొని సోఫా వెనక కూర్చోబెట్టి తానూ కూర్చున్నారు. గట్టయ్య కూర గంజు మీద మూత పెట్టి మరీ దాక్కున్నాడు.

మరి నేను? నీళ్ళ ట్యాంకు వెనక నెత్తిన చేతులు పెట్టుకొని కూర్చున్నాను. ఎందుకు ఉరికానో అడగకండి. ఉద్యోగం అలాంటిది.

ఫ్లాష్ మెరిసింది. ఖాళీ సోఫా ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది, అంచులు కూడా సాగలేదు.  సోఫా వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"అల్లుడా! ఎన్ని వెట్టినవ్?"

"రెండు మామా!"

"ఎన్ని పేలినయ్?"

చూశాను. ఎడమ పక్క ఫ్లాష్ వెలిగింది. కుడి పక్కది గమ్మున కూర్చుంది.

"ఒక్కటే మామా!"

"మిస్‌ఫైర్!" అని కేకేశారు రూల్స్ సర్దార్. "ఎవ్వలు లేవొద్దు! నేను చెప్పేదాక ఎవ్వలు ముంగటికి రావొద్దు!"

పేలకుండా మిగిలిన మందు ఎప్పుడైనా పేలొచ్చు కదా, ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. అవి ఫోటో దీపాలని అందరికీ తెలుసు. కానీ సర్దార్ వద్దన్నాక ఎవడు లేస్తాడు? కూర చల్లారుతోంది. ఇంతలో బల్ల కింద ఉన్న మా షిఫ్టు నర్సింగానికి నవ్వాగలేదు. జేబులోంచి తన చిన్న కెమెరా తీసి, పక్కనే ముడుచుకున్న పాస్టరయ్యను ఒక ఫోటో కొట్టాడు. ఆ మెరుపు చూసి కుడి పక్క ఫ్లాష్ నిద్ర లేచి భగ్గున వెలిగింది. అప్పుడే తల బయటపెట్టిన గట్టయ్య అదిరిపడి షామియానా గుంజను కౌగిలించుకున్నాడు. గుంజ గట్టయ్య బరువుకు ఆగలేదు. షామియానా మెల్లగా అందరి మీదికి దిగింది.

"ఆఁ, రెండోది గూడ పేలింది" అన్నారు మామయ్య. "ఇగ లేవుండ్రి."

నేను ట్యాంకు వెనక నుంచి వచ్చేసరికి కెరోలిన్ స్టాండు పడిపోకుండా పట్టుకొని ఉంది. ఒక్క మాట తిట్టలేదు. గొట్టం, లెన్సు తిప్పి ఊడదీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు పోయి షామియానా సూడు" అంది, అంతే. గుడ్డ కింద నుంచి జనాన్ని ఒక్కొక్కరినే బయటికి లాగుతూ నేను ఇటు చూడనే లేదు.

ఫోటో సంగతి ఆ రాత్రి కెమెరా తెరిచాక తెలిసింది.

దగ్గరికి పోయి, పక్క నుంచి తీసిన ఫోటో. షామియానా గుడ్డ పడని చోట, సోఫా వెనక నేల మీద కూర్చున్నారు ఇద్దరూ. ఏటవాలు ఎండ మొహాల మీద పడుతోంది. అత్తమ్మ మట్టయిన చీర చూపించి ఏదో అంటున్నట్టుంది. మామయ్య రెండు అరచేతులూ ఇంకా ఆమె నెత్తి మీదే ఉన్నాయి. ఫైర్ అనగానే మేమందరం ఎవరి నెత్తి వాళ్ళం కాపాడుకున్నాం. ఆయన మాత్రం ఆమె నెత్తి కప్పారు, తన సంగతే మరిచిపోయారు. ఆమెకు దెబ్బ తగిలిందేమోనని కంగారుగా ఆమె మొహంలోకే చూస్తున్నారు. కండ్లు ఇంతింత తెరుచుకొని ఉన్నాయి. ఆ ఫోటోను రెండుసార్లు పెద్దది చేసి చూశాను. అయినా పందెం పందెమే కదా.

"కండ్లు తెరిచిన ఫోటో నా కెమెరాలనే వచ్చింది" అన్నాను. "అంటె నేనే గెలిచిన."

"తీసిందెవలు?"

"...నువ్వే."

"నువ్వు గప్పుడు యాడున్నవ్?"

కెమెరా సంచి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

ఫోటోకు ఫ్రేము కట్టించి కమాన్‌పూర్ తీసుకుపోయాం. అత్తమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఎంతసేపు చూసిందో. "ఇష్టం లేకనట! వచ్చి సూడుమను ఇప్పుడు ఊరోళ్లను" అంది. మామయ్య సిగ్గుపడి వాకిట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మాట నిలవెట్టుకున్నవు బిడ్డా. గన్ని సామాన్లు కొన్నందుకు ఫలితం దక్కింది. ఇది ఏ లెన్సు వెట్టి తీసినవ్?"

కెరోలిన్ వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఏమీ విననట్టు. అబద్ధం ఆడదామంటే ఆడొచ్చు. కానీ అత్తమ్మ మొహం చూశాక నోరు రాలేదు.

"ఏ లెన్సు పెట్టలే అత్తమ్మా. అన్ని తీసేస్తె వచ్చింది."

"ఔనవ్వా" అంది కెరోలిన్ ఇటు తిరిగి. "ముందుగాల ఈయన్ని తీసేసినం."