గూడబాతు ఎయిర్‌లైన్స్ వారి ఎర్ర నోరు

ఒక పెద్ద అడవిలో ఒక విమాన కంపెనీ ఉండేది. నవ్వకండి, బాగానే నడిచేది కూడా. అడవి మధ్య ఏరు, ఇవతల పల్లం, అవతల మెరక. వరదొస్తే పల్లంలోని కుందేళ్లు మెరకకు చేరాలి, లేదంటే మునిగి చావాలి. గూడబాతులు వాటిని ముక్కు కింది సంచిలో కూర్చోబెట్టుకుని ఏరు దాటించేవి.

మరి ఒకరి నోట్లోకి వెళ్లి కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు చెప్పండి? అందుకే కంపెనీ పెట్టిన పెద్దాయన ఒక బొమ్మ వేయించాడు. గూడబాతు సంచిలోంచి ఒక కుందేలు తల బయటపెట్టి, పళ్లికిలించి నవ్వుతూ చెయ్యి ఊపుతుంటుంది. ప్రతి గూడబాతు పొట్ట మీదా, రేవులోని బండ మీదా ఎర్రమట్టితో అదే బొమ్మ. గీసినవాడి పనితనం అంతంతమాత్రం, గూడబాతు అచ్చం వంకాయలా ఉండేది. అయినా కుందేళ్లు అది చూసి, "మనవాడు లోపల కూర్చుని నవ్వుతున్నాడుగా, భయమెందుకు?" అని ఎక్కేసేవి.

పెద్దాయన పోయాడు, కొడుకు కుర్చీ ఎక్కాడు. కొత్తగా వచ్చినవాడు ఏదో ఒకటి మార్చకపోతే వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? కుందేలుకు ఎత్తుపళ్లు, కంపెనీకి పరువు తక్కువ అన్నాడు. పళ్లు తీయించాడు. ఆ తర్వాత కుందేలు మూతి ముడుచుకుని చెయ్యి ఊపేది, అత్తారింటికి పోతున్నట్టు.

మనవడి కాలానికి చెయ్యీ మొహమూ పోయి రెండు చెవులు మిగిలాయి. మునిమనవడు బాగా చదువుకున్నవాడు కదా, నెమలిని సలహాదారుగా పెట్టుకున్నాడు. నెమలి ఎగిరేది తక్కువే గానీ, ఎగరడం గురించి పొద్దుగూకేదాకా మాట్లాడగలదు.

"ఈ చెవులేమిటండీ?" అంది నెమలి మీటింగులో.

"ప్రయాణికుడివండీ," అంది మేనేజరు నక్క.

"ఛీ ఛీ! గొప్ప కంపెనీలు ఎక్కడైనా ప్రయాణికుణ్ణి పైకి చూపిస్తాయా? తీసెయ్యండి. రెక్కలు మాత్రం దేనికి? పక్షికి రెక్కలుంటాయని ఎవరికి తెలియదు? కళ్లు, కాళ్లు, అన్నీ తీసేసి తెరిచిన నోరు ఒక్కటి ఉంచండి. ఎర్రగా, నున్నగా. అది ఆహ్వానం!"

"అబ్బబ్బ, ఎంత లోతుందండీ అందులో!" అంది నక్క. దానికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

గూడబాతులు కూడా రెక్కలు టపటపలాడించి ఒప్పేసుకున్నాయి. పొట్ట మీద రంగు ఆరేదాకా డ్యూటీ ఉండదు, పైగా చేపల విందు. బొల్లయ్య అనే ముసలి పైలట్టు అందరికంటే గట్టిగా చప్పుడు చేశాడు, చేపలంటే అతనికి ప్రాణం.

కాలం గడిచింది. కొత్తగా పుట్టిన కుందేళ్లు పాత బొమ్మల మొహమే ఎరగవు. వాటికి తెలిసిందల్లా ఒకటే. రేవులో ఎర్ర నోరు తెరుచుకుని ఉంటే ఎక్కి కూర్చోవాలి.

ఒక ఏడు ఎగువన వానలు దంచికొట్టి, ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వచ్చిపడింది. కుందేళ్లన్నీ రేవుకు పరిగెత్తాయి. నలుగురు పిల్లల తల్లి చెవులమ్మ ఒకదాన్ని చంకనేసుకుని, మిగతావాటిని తోలుకుంటూ వచ్చింది. రేవు బండ పక్కన మొసలి పడుకుని ఉంది. పాపం, దాని మనసులో ఏ కుట్రా లేదు. ఎండకు ఒళ్లు వేడెక్కితే నోరు తెరుచుకుని పడుకోవడం మొసళ్లకు అలవాటు, అదే పని చేస్తోంది.

"ఓహో, ఈసారి పెద్ద విమానం వేశారే!" అన్నాడు చెవులమ్మ పక్కింటి గంతులయ్య. బండ మీది బొమ్మ చూశాడు, కింద నోరు చూశాడు. రెండూ ఒకటే. ఎగిరి లోపల కూర్చున్నాడు. "రా వదినా, పిల్లలకు చోటు ఆపుతా. మెత్తగా ఉంది లోపల!"

నోరు మూసుకుంది.

చెవులమ్మ కెవ్వుమని పిల్లల్ని లాక్కుని పక్కనున్న గుట్ట ఎక్కేసింది. నీళ్లు గుట్ట చుట్టూ చేరాయి. అప్పుడు బొల్లయ్య వచ్చి వాలాడు.

"ఎక్కమ్మా, తొందరగా!"

"చస్తే ఎక్కను."

"అయ్యో, నేను కంపెనీవాణ్ణమ్మా. నా పొట్ట చూడు!"

"చూశాను. నీ పొట్ట మీదా అదే నోరు, ఇప్పుడు మా గంతులయ్యను మింగిందీ అదే నోరు. ఏది దాటించేదో ఏది మింగేదో నాకెలా తెలుస్తుందయ్యా?"

 ఆ బొమ్మకు ఆనాడు రెక్కలు టపటపలాడించి ఒప్పుకున్నందుకు బొల్లయ్యకు సిగ్గేసింది. పిల్లల కాళ్లు తడిసి వణుకుతున్నాయి. అతను బురదలో పడి పొర్లి, బొమ్మ ఆనవాలు లేకుండా చెరిపేశాడు. తర్వాత ముక్కు బార్లా తెరిచాడు.

"చెయ్యి పెట్టి తడిమి చూసుకో తల్లీ. ఒక్క పన్ను దొరికితే ఎక్కకు."

చెవులమ్మ మూల మూలా తడిమింది. పళ్లు లేవు. ఏడుస్తూనే పిల్లల్ని లోపల పెట్టి, తనూ ఎక్కింది. అవతలి గట్టున దిగాక పిల్లల్ని ఒకటికి రెండుసార్లు ఒళ్లంతా నిమిరి చూసుకుంది.

వరద తీశాక మీటింగు పెట్టారు. తమ బొమ్మను మొసలి కాపీ కొట్టిందని నక్క ఫిర్యాదు.

"ఈ నోరు మా తాతముత్తాతల నాటిది బాబూ," అంది మొసలి, పళ్లు కుట్టుకుంటూ. "కాపీ కొట్టింది మీరు."

నెమలి పురి విప్పింది. "గొడవెందుకండీ? పేరు రాసి లేకపోయినా ప్రయాణికుడు నోరు చూసి గుర్తుపట్టి ఎక్కాడు. ఇంతకంటే విజయం ఏం కావాలి?"

నిజమేనని అందరూ తలలూపారు. సాక్ష్యం చెబుతానని చెవులమ్మ వస్తే, ప్రయాణికులకు లోపలికి ప్రవేశం లేదని గుమ్మంలోనే ఆపేశారు. మొసలిని కంపెనీలో భాగస్వామిగా చేర్చుకుని రేవు దానికి అప్పగించారు. కంపెనీ చిహ్నాన్ని బురదపాలు చేసినందుకు బొల్లయ్యను సంజాయిషీ అడిగారు.

నీతి కూడా కావాలా? రాసుకోండి: దాటించినవాడికి మెమో, మింగినవాడికి వాటా.